ఫ్రిజ్ మీది కన్ను

మా ఇంట్లో ఏ వస్తువు చెడినా ముందు నన్ను పిలుస్తారు. నేను బాగుచేశాక మెకానిక్‌ని పిలుస్తారు. పెళ్లయిన కొత్తలోనే ఈ వరస ఖాయమైపోయింది. అందుకే మా ఆవిడ వైపు చుట్టాలు నాకు ‘రిపేరు బావ’ అని పేరు పెట్టారు. అది బిరుదనుకుని చాలాకాలం సంతోషించాను.

ఆ రోజు కూడా కాఫీ గ్లాసు కింద పెట్టకముందే పిలుపు వచ్చింది.

"ఏవండీ, ఒకసారి ఇలా రండి. నేను మళ్లీ ఆగిపోయాను."

వెళ్లి చూస్తే మనిషి బాగానే ఉంది. వంటింటి పక్కన భోజనాల బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. ఆగిపోయింది ఆమె బొమ్మ. తన వీడియో అవతలివాళ్లకు ఎలా కనబడుతుందో చూద్దామని మా అత్తగారి ఫోన్‌కి కలిపిందట. ఆ ఫోన్‌లో మా ఆవిడ రెండు చేతులూ గాల్లో పెట్టి, ఒక కన్ను మూసి, అలాగే ఉండిపోయింది.

"నువ్వు ఇంతసేపు ఉలుకూ పలుకూ లేకుండా ఉండటం ఇదే మొదటిసారి చూస్తున్నాను," అన్నాను.

"సాయంత్రం కూడా నేనిలాగే ఉండిపోతే, ఆ తర్వాత మీరు కూడా ఇలాగే ఉండిపోతారు," అంది.

సాయంత్రం సంగతి మీకు చెప్పాలి. మా అత్తగారికి పుట్టుకతోనే వినపడదు. ఆవిడ భాష చేతుల్లో ఉంది. మా ఆవిడకు మాటకంటే ముందు సైగలే వచ్చాయి. మాట తర్వాత వచ్చింది. రెండింటినీ నా మీదే సాధన చేసింది.

వినపడని పిల్లల బడి ఒకటి ఉంది. అక్కడ టీచరు కావాలన్నది మా ఆవిడకు ఎన్నాళ్ల నుంచో ఉన్న కోరిక. ఇంటికెళ్తే తమతో మాట్లాడేవాళ్లే లేని పిల్లలు ఆ బడిలో ఉన్నారట. ఆ మాట చెప్పినప్పుడల్లా ఆమె గొంతు మారిపోయేది. చివరికి ఆ బడి హెడ్మాస్టరమ్మ, సాయంత్రం వీడియోలో పిల్లలకు ఒక పాఠం చెప్పి చూపించమంది. నచ్చితే ఉద్యోగం.

"మామూలు టీచరు గొంతు ఒక్క క్షణం ఆగినా వినేవాళ్లు అతుకులేసుకుంటారండీ. నా చెయ్యి ఆగిపోతే మాటే లేదు. పిల్లలకేం అర్థమవుతుంది?"

"నేనున్నానుగా!" అన్నాను.

"అదే భయంగా ఉంది," అంది.

ఆ పక్కనే నిలబడ్డ మా అత్తగారు నా భుజం తట్టి, వంటింటి వైపు చూపించి, చేతులతో గబగబా ఏదో చెప్పింది. నేను బొటనవేలు పైకెత్తాను. ‘బాగుంది’ అని అర్థం. ఇన్నేళ్ల కాపురంలో నేను నేర్చుకున్న సైగ అదొక్కటే. ఆవిడ ఏం చెప్పినా అదే నా జవాబు. ఆవిడ పెదవుల కదలికను బట్టి ఎదుటివాళ్ల మాట పోల్చుకోగలదు గానీ, నా మీసం పై పెదవి దాటి కింది పెదవి మీదకు చూరులా దిగి ఉంటుంది. కాబట్టి నేను ఆవిడకు అర్థం కాను, ఆవిడ నాకు అర్థం కాదు. మా ఇద్దరి మధ్య ఒక్కసారి కూడా మాటపట్టింపు రాలేదు.

నేను పని మొదలుపెట్టాను. నీటి సరఫరా ఆఫీసులో పంపుల సూపర్‌వైజర్ని. గొట్టంలో ఏది పారినా నాకు తెలుస్తుంది. ఇంటర్నెట్ మాత్రం గొట్టం కాదా? స్పీడు పరీక్ష పెట్టి చూశాను. లోపలికి వచ్చేది వరదలా వస్తోంది. బయటికి పోయేది చుక్కలు చుక్కలుగా పోతోంది.

"దొరికింది! వచ్చే గొట్టం లావు, పోయే గొట్టం సన్నం. ఆ సన్న గొట్టంలోకి ఇంకెవరో బకెట్లకు బకెట్లు కుమ్మరిస్తున్నారు. వాళ్లెవరో పట్టుకుంటే చాలు."

"అయితే ఇంట్లో ఉన్నవన్నీ కట్టేసి, ఒక్కొక్కటే పెట్టి చూద్దామా?"

"అది తెలియనివాళ్లు చేసే పద్ధతి," అన్నాను.

ఇక్కడ మీకొక రహస్యం చెప్పాలి. బయటికి పొక్కనివ్వకండి.

ఈమధ్య డాక్టరు నాకు తీపి మానిపించాడు. ఆ రోజు నుంచి బిస్కట్ల డబ్బా వంటింట్లో పై అరలోకి వెళ్లిపోయింది. అందులోవి వచ్చే పోయే వాళ్లకట. నేను ఇంట్లోనే ఉండేవాణ్ణి కాబట్టి ఏ లెక్కలోకీ రాను. దొంగతనంగా తిందామా అంటే ఒకరికి పాము చెవులు, ఇంకొకరికి డేగ కళ్లు. ఆ ఇద్దరూ వంటింట్లో లేని క్షణం ఎప్పుడో తెలియాలి. అందుకని నా పాత ఫోన్ ఒకటి బయటికి తీసి, అందులో కాపలా కెమెరా యాప్ వేసి, ఫ్రిజ్ మీద పిండి డబ్బా వెనక నుంచి తొంగిచూసేలా నిలబెట్టాను. వెనక ప్లగ్గు కూడా పెట్టాను. ఇంక ముందుగదిలో పడక్కుర్చీలో కూర్చుని, నా ఫోన్‌లో వంటిల్లు చూసుకోవచ్చు. ఖాళీ అయినప్పుడు వెళ్లి రావచ్చు.

ఇంత తెలివైన ఏర్పాటు ప్రపంచంలో ఏ తిండిపోతూ చేసి ఉండడు. అయితే అది పగలూ రాత్రీ తీసిన వీడియో అంతా ఎక్కడికో పంపించి దాచుకుంటుందని నాకు తెలియదు. నేను చూసినప్పుడే అదీ చూస్తుందనుకున్నాను.

కాబట్టి చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడానికి బయలుదేరాను.

ముందు రౌటర్ని పట్టుకున్నాను. అది మూలన, నేల మీద ఉంది. ఎత్తు మీదుంటే ఒత్తిడి పెరుగుతుందని, మా ట్యాంకుల లెక్క ప్రకారం కర్టెన్ కడ్డీకి తాడుతో కట్టాను. స్పీడు మారలేదు. గాలి వేసినప్పుడల్లా రౌటరు ఊగింది. కాసేపటికి కర్టెన్‌తో సహా కిందికి వచ్చింది.

"ఏమిటా చప్పుడు?" అని మా ఆవిడ అరిచింది.

"ఒత్తిడి ఎక్కువైంది," అన్నాను.

తర్వాత అనుమానం పక్కింటాయన మీదకు పోయింది. ఆయన లాయరు. మా వైఫై వాడుకుంటున్నాడేమోనని వెళ్లి తలుపు కొట్టాను.

"మా గొట్టంలో మీరేమైనా పోస్తున్నారా?" అన్నాను.

"మీ ఆరోపణకు సాక్ష్యం ఉందా?" అన్నాడు లాయరు.

"అనుమానం ఉంది."

"పాస్‌వర్డ్ ఏమిటో నాకు తెలిస్తే కదా నేను వాడేది?"

"అది మా ఆవిడ పుట్టినరోజు. మీకెలా తెలుస్తుంది?"

"ఇప్పుడు కొంత తెలిసింది," అని తలుపు వేసుకున్నాడు.

తిరిగొచ్చి ఫ్రిజ్ మీద పడ్డాను. ఫ్రిజ్ మోటారు దగ్గరుంటే వైఫై దెబ్బతింటుందని ఎవరో ఎక్కడో అన్నట్టు గుర్తు. ఫ్రిజ్ ఆపేశాను. దాని పైన ఏముందో మాత్రం తల ఎత్తి చూడలేదు. నేను పెట్టిందే కదా, చూసేదేముంది?

మా అత్తగారు మళ్లీ వచ్చి భుజం తట్టింది. ఫ్రిజ్ పైకి చూపించింది. చెయ్యి చెవి దగ్గర పెట్టింది. కూతురి వైపు చూపించింది. పాపం, పెద్దావిడ కంగారు పడుతోందనుకుని ఈసారి రెండు బొటనవేళ్లూ ఎత్తాను. ఆవిడ నా వేళ్ల వైపు చూసి, నిట్టూర్చి, వెళ్లి కుర్చీలో కూర్చుంది.

మధ్యాహ్నానికి ఫ్రిజ్‌లో మంచు కరిగి వంటిల్లంతా నీళ్లయింది. మా ఆవిడ వచ్చి చూసింది.

"మీ ఆఫీసు ఇంటికి తెచ్చారా?"

"నీళ్లు బాగానే వస్తున్నాయి కదా," అన్నాను.

ఆమె నేల తుడిచి, ఫ్రిజ్ మళ్లీ ఆన్ చేసి, రౌటరు తీసుకెళ్లి బల్ల పక్కనే స్టూలు మీద పెట్టి, వైరుతో నేరుగా లాప్‌టాప్‌కి కలిపింది. తర్వాత తెలియనివాళ్లు చేసే ఆ పద్ధతి మొదలుపెట్టింది. టీవీ కట్టేసింది. తన ఫోన్ కట్టేసింది. వాళ్లమ్మ ఫోన్ కట్టేసింది. నా ఫోన్ నా చేతిలోంచి లాక్కుని కట్టేసింది. మళ్లీ పరీక్ష పెట్టింది. బయటికి పోయేది అవే చుక్కలు.

"అన్నీ కట్టేశాం. అయినా ఏదో పోస్తూనే ఉంది. అంటే మనకు తెలియనిదేదో ఈ ఇంట్లో ఉందండీ," అంది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి దానంతట అదే వెళ్లి మీసం మీద రాలిన బిస్కట్ పొడి దులుపుకుంది.

అప్పుడు వెలిగింది నాకు. బకెట్లు పోస్తున్నది నేనే.

చెప్పేస్తే పోయేది. చెప్పబోయాను కూడా. కానీ చెబితే కెమెరా ఎందుకని అడుగుతుంది. కెమెరా సంగతి చెబితే బిస్కట్లు బయటపడతాయి. బిస్కట్లు బయటపడితే డాక్టరు దాకా పోతుంది. ఆమె అటు తిరిగినప్పుడు చప్పుడు కాకుండా తీసేద్దాంలే అనుకున్నాను. ఆమె అటు తిరగలేదు. ఆ బల్ల దగ్గరే కూర్చుని సాధన చేస్తూనే ఉంది. నేను వంటింటి వైపు అడుగేసినప్పుడల్లా, "ఏం కావాలి?" అనేది. మంచినీళ్లన్నాను. అలా మంచినీళ్లు తాగీ తాగీ కడుపు చెరువయింది.

పాఠం వేళ అయింది. బడివాళ్లు తెర మీదకు వచ్చారు. హెడ్మాస్టరమ్మ ముందు కూర్చుంది. వెనక బెంచీల నిండా పిల్లలు, మెరిసే కళ్లతో. మా ఆవిడ దుప్పట్టా సర్దుకుని, చేతులెత్తి నమస్కారం పెట్టింది.

హెడ్మాస్టరమ్మ మొహం చిట్లించి, "మీ బొమ్మ ఆగిపోయిందమ్మా," అంది. "చేతులు కదలడం లేదు. ఇంకోసారి చూస్తాం. లేకపోతే మరెప్పుడైనా..."

మరెప్పుడైనా అంటే ఎప్పటికీ కాదని నాకు తెలుసు. మా ఆఫీసులో నేను జనానికి చెప్పే మాట అదే. మా ఆవిడ వీపు నాకు కనబడుతోంది. ఆ వీపు ఒక్కసారిగా వంగిపోయింది.

ఇంక ఆలోచించలేదు. ఎలాగూ బొమ్మ ఆగిపోయింది కాబట్టి వెనక ఎవరు తిరిగినా అవతలివాళ్లకు కనబడదని ధైర్యం. మునివేళ్ల మీద నడిచి వెళ్లి, పీట మీద ఎక్కి, ఫ్రిజ్ మీదకు చెయ్యి చాచాను. పిండి డబ్బా అడ్డం వచ్చింది. దాన్ని పక్కకు జరపబోతే అది బోర్లా పడి నా నెత్తి మీద కుమ్మరించింది. తూలి పడబోయి పై అర పట్టుకున్నాను. పై అరలోంచి బిస్కట్ల డబ్బా ఒళ్లోకి వచ్చింది. ఆ గొడవలోనే ఫోన్ నొక్కి కట్టేశాను. హమ్మయ్య అనుకున్నాను. మూత తెరుచుకున్న డబ్బాలో ఒక బిస్కట్ పైకి చూస్తోంది. కష్టపడ్డ మనిషికి ఆ మాత్రం ఉండాలి కదా అని నోట్లో పెట్టుకున్నాను.

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడటం లేదనుకుంటుందట. నేను కళ్లు కూడా మూసుకోలేదు.

నేను ఫోన్ కట్టేసిన మరుక్షణం సన్న గొట్టం ఖాళీ అయింది. ఆగిపోయిన బొమ్మ కదిలింది. గాజు తుడిచినట్టు అంతా తేటగా కనబడింది. ముందు మా ఆవిడ. ఆమె భుజం వెనక పీట మీద, నెత్తి నిండా పిండితో, ఒంటి చేత్తో డబ్బా పట్టుకుని, మీసాల కింద సగం బిస్కట్‌తో నేను.

తెరలో పిల్లలందరూ ఒక్కసారి లేచి నిలబడి వేళ్లు చూపించారు. మా ఆవిడ వెనక్కి తిరిగి చూసింది.

ఆ చూపు గురించి చెప్పను. మీలో పెళ్లయినవాళ్లున్నారు.

కానీ ఆమె కేకలు వేయలేదు. మెల్లగా తెర వైపు తిరిగి, నా వైపు చూపించి, కనుబొమలు ఎగరేసి చేతులతో ఏదో అడిగింది. ఆ రోజు పాఠం ‘ఇంట్లో ఎవరేం చేస్తున్నారు’ అన్నదట. ఎవరితను, ఏం చేస్తున్నాడు అని అడిగిందట. పిల్లలందరూ ఒకేసారి చేతులు తిప్పారు. ఒక్క సైగ. అంతమంది ఒకేసారి చేసినా చప్పుడు లేదు.

నాకేం తోస్తుంది? అలవాటు ప్రకారం బొటనవేలెత్తి ‘బాగుంది’ అన్నాను.

పిల్లలు బెంచీల మీద పడి నవ్వారు. హెడ్మాస్టరమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. వాళ్లు చేసిన సైగకు ‘దొంగ’ అని అర్థమని తర్వాత తెలిసింది. నువ్వు దొంగవా అంటే బాగుంది అన్నానన్నమాట.

అక్కణ్ణుంచి పాఠం ఎలా సాగిందో చెప్పలేను. నన్ను పీట దిగనివ్వలేదు. ‘ఎక్కాడు’, ‘తిన్నాడు’, ‘పిండి పడింది’, ‘సిగ్గుపడుతున్నాడు’ అన్నీ నన్ను చూపించే నేర్పింది. చివర్లో హెడ్మాస్టరమ్మ అడిగింది. "అనుకోనిది జరిగితే టీచరు ఏం చేస్తుందో చూడాలని మాకుంటుంది. ఇది మీరే ఏర్పాటు చేశారా?"

"ఏర్పాటేం లేదండీ. మా ఇంట్లో ఇది రోజూ ఉండేదే," అంది మా ఆవిడ.

వచ్చే వారం నుంచే రమ్మన్నారు.

లాప్‌టాప్ మూసి, మా ఆవిడ చెయ్యి చాచింది. నేను పాత ఫోన్ ఆ చేతిలో పెట్టాను. వాదించలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నిజమే, ఆయనకు అంత కష్టం లేకుండా నేనే నా దొంగతనాలన్నీ వీడియో తీసి, తేదీలవారీగా దాచిపెట్టాను. ఆమె ఒక్కొక్కటే చూస్తూ పోయింది.

"ఇది మీరు. ఇదీ మీరే. ఇది రెండు చేతులతో. ఇది నా పుట్టినరోజున... సిగ్గు లేదూ?"

ఉన్నట్టుండి ఆగింది. తెరలో మా అత్తగారు ఉంది. ఫ్రిజ్ ఎదురుగా నిలబడి, నేరుగా కెమెరాలోకి చూస్తూ చేతులు తిప్పుతోంది.

"అది వ్యాయామం," అన్నాను. "రోజూ పొద్దున్నే చేస్తుంది. నేను చూస్తూనే ఉన్నాను. ఈ వయసులో ఆవిడ ఓపిక మెచ్చుకోవాలి."

"వ్యాయామమా!" మా ఆవిడ నా వైపు అదోలా చూసింది. "మా అమ్మ మీతో మాట్లాడుతోంది."

తెరలో వాళ్లమ్మ చేతులను చూస్తూ, ఒక్కో మాటా నాకు చెప్పింది.

"అల్లుడుగారూ, దుమ్ము దులుపుతుంటే మీ ఫోన్ కనబడింది. అమ్మాయికి చెప్పను, మీ పరువు నాది కాదా? పై డబ్బాలోవి మాత్రం తినకండి. మీకోసం చక్కెర లేనివి తెప్పించి కింది అరలో పెట్టాను."

ఇంకో రోజుది. "కింది డబ్బా ముట్టుకోనే లేదు. రుచి నచ్చలేదా?"

మరో రోజుది. మా ఆవిడ గొంతు నెమ్మదించింది. "ఈ ఫోన్ పెట్టినప్పటి నుంచీ మా అక్కతో నా వీడియో ఆగిపోతోంది. నేను చెప్పేది సగం కూడా తనకు చేరడం లేదు. వీలైతే సాయంత్రం పూట కాస్త కట్టేయండి."

చివరిది ఆ రోజు పొద్దుటిది. "అమ్మాయికి ఇవాళ పరీక్ష. నాకొచ్చిన ఇబ్బందే తనకూ వస్తోంది. ఇప్పటికైనా ఇది తీసేయండి నాయనా. ఎన్నిసార్లు చెప్పినా బాగుంది అంటారేమిటి?"

ఆవిడకు ఫోన్ అంటే వీడియోనే. అక్కాచెల్లెళ్లు ఇద్దరికీ వినపడదు. రోజంతా ఎదురుచూసి ఆవిడ చెప్పుకునే నాలుగు మాటలను నా బిస్కట్ల కోసం నేను సగంలో కోసేశాను. పైగా ఆవిడ నా మొహం ముందే నిలబడి చెబుతుంటే వ్యాయామం అనుకున్నాను. నిజంగా సిగ్గేసింది. పీట మీద నిలబడ్డప్పుడు కూడా అంత సిగ్గు వేయలేదు.

లేచి అద్దం దగ్గరికి వెళ్లాను. కత్తెర తీసుకున్నాను. తర్వాత రేజరు తీసుకున్నాను.

బయటికి వచ్చేసరికి మా ఆవిడ నన్ను చూసి, "ఎవరండీ మీరు?" అంది.

మా అత్తగారు ముందుగదిలో వాళ్ల అక్కతో వీడియోలో ఉంది. బొమ్మ ఎక్కడా ఆగడం లేదు. ఆవిడ చేతులు ఎంత వేగంగా తిరుగుతున్నాయో! నా కథే చెబుతోందని వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. అయ్యేదాకా ఆగి, ఎదురుగా కూర్చుని, మా ఆవిడ అప్పుడే నేర్పిన సైగ చేస్తూ, పెదవులు బాగా కదిలిస్తూ అన్నాను. "తప్పయిపోయింది అత్తయ్యగారూ."

ఆవిడ నా పెదవుల వైపు చాలాసేపు చూసింది. ఇన్నేళ్లకు వాటిని చూడటం అదే మొదటిసారి. తర్వాత లేని మీసం మెలేస్తున్నట్టు వేళ్లు తిప్పి, గాల్లో ఒక బిస్కట్ కొరికింది.

"అదేమిటి?" అన్నాను.

"మీ పేరు," అంది మా ఆవిడ. "పిల్లలు పెట్టారు. మా భాషలో పేర్లు అలాగే ఉంటాయి. ఒకసారి పెడితే మారదు."

"మీసం తీసేశాను కదా!"

"మారదు."

అప్పుడు మా అత్తగారు నా వైపు తిరిగి, నవ్వు ఆపుకుంటూ, బొటనవేలు పైకెత్తింది. ఈసారి ఎవరూ నాకు అర్థం చెప్పనవసరం లేకపోయింది.